మీ పుట్టిల్లెక్కడమ్మా?

పెళ్లి కాని రోజుల్లో పిల్లల పెంపకం గురించి నాకు తెలియని విషయం లేదు. పిల్లవాడు రైల్లో ఎందుకు ఏడుస్తాడో, ఏడ్చేవాణ్ణి ఎలా ఊరుకోబెట్టాలో, అసలు ఏడుపే రాకుండా ఎలా పెంచాలో, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పగలిగేవాణ్ణి. అడిగినవాళ్లు ఎవరూ లేరనుకోండి, అది వేరే సంగతి. ఒక్క కొడుకు పుట్టేసరికి ఆ జ్ఞానమంతా ఎటు కొట్టుకుపోయిందో ఇంతవరకూ ఆచూకీ లేదు.

ఆ చదువు నాకు చెప్పిన గురువు ఒకావిడ. మొన్న కొరాపుట్ నుంచి ఫోను చేసిన బట్టల కొట్టాయన, ఆర్డరు చెప్పడం అయిపోయి ఫోను పెట్టబోతూ, "అన్నట్టు మీ రైలావిడ పోయేరండీ, తెలిసిందా?" అన్నాడు. తెలియలేదు. "పదకొండోరోజు కూడా అయిపోనాది" అన్నాడు. విప్పిన లుంగీల బేలు మీద ఫోను పెట్టేశాను. ఏడుపు రాలేదు. తెలియకుండానే కాళ్లు దగ్గరికి లాక్కుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, నిటారుగా కూర్చున్నాను. ఆవిడ తలపుకొస్తే ఇప్పటికీ నాకు అలాగే అవుతుంది.

రాయగడలో మాది బట్టల హోల్‌సేలు. మా తాత బొబ్బిలి వైపు నుంచి మూట నెత్తిన పెట్టుకుని వచ్చినవాడు. నా దగ్గరికొచ్చేసరికి మూట దిగింది గాని తిరుగుడు తగ్గలేదు. ప్రతి శనివారం పొద్దున్న పాసింజరెక్కి కొరాపుట్ పోయి, అక్కడి కొట్లలోనూ, వీలుంటే బోరిగుమ్మ దాకా పోయి అక్కడి కొట్లలోనూ ఆర్డర్లు రాసుకుని రావడం నా పని. కొండల్ని తొలిచి ఆ రైలు మార్గం వేసి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. సొరంగం వెనక సొరంగం. పెట్టెల్లో దీపాలు వెలిగితే వెలిగినట్టు, లేకపోతే లేనట్టు. సొరంగంలోకి రైలు దూరగానే పెట్టెలో ఉన్న పిల్లలందరూ ఒక్కసారిగా కేక పెట్టడం ఆ లైనులో ఆచారం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. పక్క జిల్లా నుంచి మొదటిసారి వచ్చిన పిల్లవాడు కూడా రెండో సొరంగానికల్లా నేర్చుకుంటాడు.

ఆవిడకి ఆ కేకలే సాక్ష్యం. సొరంగం దాటి వెలుతురు రాగానే కళ్లజోడు తీసి, పమిటకొంగుతో నెమ్మదిగా తుడిచి, మళ్లీ పెట్టుకుని, కేక పెట్టిన పిల్లవాడి వైపు కాకుండా తల్లి చేతుల వైపు చూసేవారు. ఆ చేతులు పిల్లవాణ్ణి పట్టుకుని ఉన్నాయా, బటానీలు తింటున్నాయా అని. పిల్లవాణ్ణి ఆవిడ ఎన్నడూ ఒక్క మాట అనలేదు. "పసివాడేం చేస్తాడు? వాడికి తెలుసా?" అనేవారు. తెలిసినవాళ్లని వెతికి పట్టుకోవడమే ఆవిడ పని.

ఆవిడది పాతకాలం ఉద్యోగస్థుల కుటుంబం. తాతముత్తాతలు దివాణంలో లెక్కలు చూసినవాళ్లు, భర్త రాయగడలో ఆఫీసరు, సొంత ఇల్లు కొరాపుట్‌లో. శనివారం అటు, సోమవారం ఇటు. సన్నంచు నేత చీర, చేతిగడియారం పట్టీ కింద మడిచి దోపిన టికెట్టు. కూర్చునే ముందు బల్ల మీద పరుచుకోవడానికి ఇంటి నుంచి ఒక దుప్పటి ముక్క. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తెచ్చుకుని, తిన్నాక తొక్కలన్నీ మళ్లీ అదే సంచిలో వేసి, మూతి ముడి వేసి ఒళ్లో పెట్టుకునేవారు. పెట్టెలో అందరి కాళ్ల కిందా తొక్కలు కరకరమంటుంటే ఆవిడ కాళ్ల కింద నేల మాత్రం కడిగినట్టు ఉండేది.

విచారణ ఎప్పుడూ ఒకే ప్రశ్నతో మొదలయ్యేది.

"మీ పుట్టిల్లెక్కడమ్మా?"

గొంతులో కోపం ఉండదు, పేరంటంలో అడిగినట్టే ఉంటుంది. ఆ తల్లి మురిసిపోయి ఊరి పేరు చెప్పేస్తుంది. తరవాత అత్తవారి ఊరు, తరవాత ఇంటిపేరు. ఆవిడ దగ్గర అన్ని ఊళ్ల జాతకాలూ ఉన్నాయి. పార్వతీపురం వాళ్లకి గారాబం ఎక్కువ. సాలూరు వాళ్లకి గొంతు ఎక్కువ. బొబ్బిలి వాళ్లు చెప్పినా వినరు, చెప్పకపోయినా వినరు. ఇవన్నీ కలిపి, తీసి, చివరికి తీర్పు: "తల్లి వైపు", లేదంటే "తండ్రి వైపు". పెంపకం ఎవరిదైనా పంపకం ఆవిడదే. తండ్రి వైపు అని తేలితే తల్లి కిటికీలోకి తిరిగి నవ్వుకునేది. తల్లి వైపు అని తేలితే, ఇంటికెళ్లాక ఏం జరిగేదో నాకప్పుడు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఆవిడ న్యాయస్థానంలో నేను ఫీజు లేని జూనియరుని. ఎదురు బల్ల నాది. ఆవిడ కళ్లజోడు తుడవడం మొదలెట్టగానే నేను ముందుకి వంగి కూర్చునేవాణ్ణి. బట్ట కొలిచే చేతికి మనుషుల్ని కొలవడం ఏపాటి పని అనుకున్నాను. "అమ్మగారూ, ఆయన అసలు పిల్లాడి వంక చూడ్డం కూడా లేదండి" అని అందించేవాణ్ణి. "చూశాను నాయనా, పేపరు చదువుతున్నాడు" అనేవారు. దామంజోడి ఫ్యాక్టరీ కాలనీకి పోయే ఒక జంట ఉండేది. పిల్లకి బిస్కెట్టు ఒక్కొక్కటే ఇస్తూ ఒక్కొక్కదానికీ ఒక ఇంగ్లీషు ముక్క చెప్పించేవారు. ఆ పిల్ల బిస్కెట్లు తిని ఇంగ్లీషు కిటికీలోంచి ఉమ్మేసేది. ఆ రోజు మేమిద్దరం కొరాపుట్ దాకా నవ్వుకున్నాం. ఒక్కసారి మాత్రం ఆవిడకి కేసు తేలలేదు. సంతకి పోతున్న ఒక కొండజాతి తల్లిని, పిల్ల ఆవిడ దుప్పటి ముక్క మీద ఎక్కి తొక్కుతుంటే, ఒడియాలో పుట్టిల్లెక్కడని అడిగారు. ఆ తల్లి కిటికీలోంచి ఎదురుగా ఉన్న కొండని చూపించి, నవ్వి, ఆవిడ చేతిలో గుప్పెడు చింతపండు పెట్టింది. ఆవిడ ఆ కొండ వంక చాలాసేపు చూశారు. దాని జాతకం ఆవిడ దగ్గర లేదు.

ఆవిడ కొడుకుని నేను ఒకే ఒకసారి చూశాను. అప్పటికే ముప్ఫై దాటిన మనిషి, పొడుగు, మంచి బట్టలు. తల్లిని దింపుకోవడానికి కొరాపుట్ స్టేషనుకి వచ్చాడు. వాన కురుస్తోంది. ఆవిడ మెట్టు దిగుతూ, "ఇక్కడ నించో, సామాను అబ్బాయి అందిస్తాడు" అని చెప్పి షెడ్డు కిందికి వెళ్లారు. అబ్బాయి అంటే నేను. సామాను అందించాను. అతను అందుకున్నాడు. అయినా అక్కడే నిలబడ్డాడు. నాలుగడుగుల్లో షెడ్డు ఉంది. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, సంచి తడిసింది. ఆవిడ ఎవరితోనో మాట్లాడుతున్నారు. "లోపలికి రండి సార్, తడిసిపోతన్నారు" అన్నాను. అతను నా వంక చిన్నగా నవ్వి, "అమ్మ పిలుస్తుంది" అన్నాడు.

పెంపకమంటే ఇదీ, అనుకున్నాను ఆ రోజు. నాకు పుట్టబోయే పిల్లలు కూడా ఇలాగే నిలబడాలని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను. ఇప్పుడు నా చొక్కా తడిసినప్పుడల్లా అతను గుర్తొస్తాడు. ఎవరైనా పిలిచారో లేదో.

తరవాత నాకు పెళ్లయింది. మా వాళ్లలో బయట సంబంధం అంటే చివరి ప్రయత్నం కింద లెక్క. కొరాపుట్‌లో ఉన్న మా అక్క కూతుర్నే చేసుకున్నాను. నా చేతుల్లో పెరిగిన పిల్ల. నేను "అమ్మీ" అనే పిలుపూ, అది "మావా" అనే పిలుపూ పెళ్లికి ముందెలా ఉన్నాయో తరవాతా అలాగే ఉన్నాయి. కొడుకు పుట్టాడు. అక్కకి మనవడు కాబట్టి వరస లెక్కన నాకూ మనవడే. కొడుకులా మందలించాలో మనవడిలా ముద్దుచెయ్యాలో తేల్చుకోలేక రెండూ మానేశాను.

వాడు నిలబడలేదు. కూర్చోనూ లేదు. పాకడం దాటవేసి తిన్నగా పరుగులోకి దిగాడు. కొట్లో తానుల మీద ఎక్కి దూకేవాడు. గుళ్లో గంట కొడితే కొట్టినట్టే ఉండేవాడు, హారతి ఆగిపోయేది. పెళ్లిపందిట్లో అరటిపళ్ల గెల కిందికి లాగాడు. చెప్పాం, బెదిరించాం, బతిమాలాం, డాక్టరుకి చూపించాం. "హుషారైన పిల్లాడు" అన్నాడు డాక్టరు, వాడి చేతిలోంచి స్టెతస్కోపు లాక్కుంటూ. వాడి అల్లరి మాకు అలవాటైపోయింది. అలవాటు కానివి చుట్టూ ఉన్న కళ్లు. వాణ్ణి ఎత్తుకుంటే చెయ్యి ఒక్కటే నొప్పెట్టేది, ఆ కళ్లని మోస్తే ఒళ్లంతా నొప్పెట్టేది.

వాడికి మూడేళ్లప్పుడు ముగ్గురం శనివారం రైలెక్కాం. ఎదురుగా ఆవిడ. నాకు సంబరం. గురువుగారికి కుటుంబాన్ని చూపించబోతున్నాను కదా. మొదటి సొరంగంలో మావాడు కేక పెట్టాడు. సొరంగం అయిపోయింది, కేక అవలేదు. రెండో సొరంగంలో పక్కాయన చెప్పు కిటికీలోంచి విసిరేశాడు. వెలుతురు వచ్చింది. ఆవిడ కళ్లజోడు తీశారు. తుడిచారు. నా భార్య చేతులు చూశారు. ఆ చేతులు పాపం వాడి లాగు పట్టుకునే ఉన్నాయి, లాగే జారిపోయింది.

"మీ పుట్టిల్లెక్కడమ్మా?"

"కొరాపుట్టేనండి."

"ఇతను నాకు బాగా తెలుసు. నెమ్మదస్థుడు, ఇన్నేళ్లుగా చూస్తున్నాను. మరి వీడికిది తల్లి వైపు నుంచే వచ్చుండాలి. మీ అమ్మగారెవరు?"

నా భార్య తల దించుకుంది. "మాయమ్మ ఈయనకి సొంత అక్కండి."

ఆవిడ చెయ్యి కళ్లజోడు మీదే ఆగిపోయింది. తల్లి వైపూ తండ్రి వైపూ ఒకే గుమ్మం అయిన కేసు అంతకుముందు రాలేదు కాబోలు. పెట్టెలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ తేరుకున్నారు. "అయితే రెండు వైపులదీ కలిసొచ్చిందన్నమాట" అన్నారు.

పెట్టంతా గొల్లుమంది. చెప్పు పోయినాయన కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఎన్నేళ్ల అలవాటు మరి, ఆవిడ తీర్పు చెప్పాక నేను నవ్వాలి.

ఆ రోజు నుంచి నా భార్య రైలెక్కడం మానేసింది. రైలుతో ఆగలేదు. పెళ్లిళ్లు మానేసింది, గుడి మానేసింది, మజ్జిగౌరమ్మ తల్లి దర్శనానికి ఆదివారం పోవడం మానేసింది. కొట్టుకి కూడా వాడు నిద్రపోయాక వచ్చేది. "ఆవిడేదో సరదాకి అన్నారులే అమ్మీ" అన్నాను ఒకసారి.

"ఆవిడన్నాదని కాదు" అంది. "నువ్వు నవ్వేవు మావా."

లేచి కొట్లోకి వెళ్లి, కొలిచిన తానే మళ్లీ కొలిచాను.

అలాగే ఏడాది గడిచింది. అప్పుడు మా అక్క బావి దగ్గర జారి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం మీద పడింది. రోజూ ఫోను. "తమ్ముడూ, నా పిల్లని ఒక్కసారి తీసుకురారా. నాను లేసొచ్చి సూసేదాన్నే, లెగలేకపోతన్నాను."

భార్యకి చెప్తే వంటింట్లో కూర్చుని ఏడ్చేది. లేచి బట్టలు సర్దేది. మళ్లీ విప్పేసేది. బస్సులో తీసుకెళదామని బయల్దేరాం. ఘాటీ మలుపుల్లో మావాడు ముందు సీటాయన మీద వాంతి చేసుకున్నాడు. దిగి వెనక్కి వచ్చేశాం. "సోమవారం రైలెక్కుదాం, సోమవారం ఆవిడ ఇటొస్తాది గాని అటెల్లదు" అన్నాను. విప్పేసిన బట్టలు మళ్లీ సంచిలో కుక్కుతూ, "పెట్టినిండా జనముంటే నాను దిగిపోతాను మావా. రైలంతా నా పెంపకం సూడ్డానికి నాను రాను" అంది.

సోమవారం ఎక్కాం. సామాను పైన పెట్టి తిరిగేసరికి కిటికీ పక్కన దుప్పటి ముక్క, దాని మీద ఆవిడ. భర్త రిటైరయ్యారట, ఇప్పుడు వారాల పట్టింపు లేదట. నా భార్య సంచి అందుకుని తలుపు వైపు తిరిగింది. రైలు కదిలింది.

కూర్చున్నాం. నా భార్య వాణ్ణి ఒళ్లో వేసుకుని రెండు చేతులా బిగించింది. చేతులు కనిపించాలనే అలా బిగించిందని నాకు తెలుసు. మావాడు కాసేపు గింజుకున్నాడు. తరవాత జారాడు. తరవాత బల్లల మీద నుంచి బల్లల మీదికి ప్రయాణం మొదలెట్టాడు. ఒకాయన టిఫిను గిన్నె మూత లాక్కుని వాయించాడు. ఇంకొకాయన గొడుగు లాక్కుని విప్పాడు. ఆవిడ కళ్లజోడు తీశారు. వయసు మీద పడింది, తుడవడానికి ఇదివరకటి కంటే ఎక్కువసేపు పడుతోంది. కాని తుడుస్తున్నారు. నా భార్య ఆ చేతినే చూస్తోంది. అన్నం తెచ్చుకుంది గాని విప్పలేదు.

"అమ్మాయ్," అన్నారావిడ చివరికి, "పిల్లల్ని చూపుతోనే కూర్చోబెట్టాలి. చేతులతో కాదు. మా అబ్బాయికి నేను చెయ్యెత్తిందే లేదు."

టికిరి స్టేషను వచ్చింది. ఎదురుగా గూడ్సు రావాలి, రైలు ఆగింది. ఆ తరవాతి మాటన్నది నేనేనా అని ఇప్పటికీ అనుమానమే. లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "అమ్మగారూ, మీరన్నది నిజం. ఒక్క నిమిషం వీణ్ణి చూస్తూండండి. మేం టీ తాగొస్తాం. మీ దగ్గరైతే బుద్ధిగా ఉంటాడు" అన్నాను.

ఆవిడ ముఖం వెలిగింది. "వెళ్లిరండి నాయనా. వచ్చేసరికి ఎలా కూర్చుంటాడో చూద్దురుగాని."

దిగాం. టీ తాగాం. నా భార్య గ్లాసు చేతిలో పెట్టుకుని పెట్టె వంకే చూస్తోంది. గూడ్సు పోయింది, మా రైలు కూత వేసింది. నా భార్య మా పెట్టె వైపు పరిగెత్తబోతే చెయ్యి పట్టుకుని వెనక పెట్టె ఎక్కించాను. పాసింజరు పెట్టెలకి మధ్యలో దారి ఉండదు, ఎక్కినవాళ్లు వచ్చే స్టేషను దాకా అందులో ఉండాల్సిందే.

"మావా! మన పెట్టి ఇది కాదు!"

"తెలుసు."

"మరి గుంటడో?"

"ఆవిడ దగ్గిరున్నాడు కదేటి."

"పడిపోతేనో?"

"కిటికీలకి ఊచలున్నాయి. తలుపు దగ్గిర మన పప్పులకొట్టు తాతున్నాడు, నాను సెప్పే దిగేను. అందరికంటే ముందు ఆవిడున్నాది. నీ కంటే నా కంటే గట్టిగా పట్టుకుంటాది, సూడు."

నన్ను తినేసేలా చూసింది. ఇంతలో సొరంగం వచ్చింది. ముందు పెట్టెలోంచి మావాడి కేక స్పష్టంగా వినిపించింది. ఆ కేకని వెయ్యి కేకల్లో గుర్తుపట్టగలం. వెలుతురు వచ్చాక చూస్తే నా భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు. నవ్వుతోంది. అలా నవ్వి ఏడాదయింది. తరవాత అన్నం పొట్లం విప్పి, ఎవరి నోట్లోనూ కుక్కకుండా, ఎవరి వెనకా పరిగెత్తకుండా, మొత్తం ముద్ద ముద్దా తనే తిన్నది.

వచ్చే స్టేషను కాకిరిగుమ్మలో నేనొక్కణ్ణీ దిగి ముందు పెట్టె కిటికీ దగ్గరికి వెళ్లాను.

దుప్పటి ముక్క మావాడి మెడకి కట్టి ఉంది. కళ్లజోడు వాడి ముక్కు మీద ఉంది. నేలంతా వేరుశనగ తొక్కలు. ఆవిడ నిలబడి ఉన్నారు, ఒక చేత్తో సామాను బల్ల పట్టుకుని, ఇంకో చేత్తో వాడి చొక్కా వెనకభాగం పిడికిలి బిగించి పట్టుకుని. జుట్టు ముడి ఊడిపోయింది. అప్పుడే పనసకాయలతో ఎక్కిన ఒక లావుపాటి ఆవిడ, కూర్చోవడానికి చోటు వెతుక్కుంటూ విసుక్కుంటోంది.

"ఏటమ్మా, మనవణ్ణి ఇలగొగ్గీసేరు? సదువుకున్నోల్లలాగున్నారు, పిల్లడికి కూసింత బుద్దులు నేర్పుకోనేదా?"

గురువుగారి నోరు తెరుచుకుంది. వీడు నా మనవడు కాడు, అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ మాట పెదవుల దాకా రావడం నేను చూశాను. అంతలో మావాడు గొడుగు అందుకోబోయాడు. ఆవిడ వాణ్ణి వెనక్కి లాగి నడుముకి ఆనించుకుని, అలసిపోయిన గొంతుతో, నేనెన్నడూ ఆవిడ నోట వినని మా బజారు మాటలో అన్నారు:

"ఏటి సెయ్యమంటావమ్మా? నాను కూకోమనే సెప్పేను."

అప్పుడు నన్ను చూశారు. చెయ్యెత్తారు. గార్డు విజిలు ఊదాడు. తలుపు నాకు రెండడుగుల్లో ఉంది.

నేను కిటికీలోంచి ఆవిడకి రెండు చేతులూ జోడించి, నిండుగా, శిష్యుడు పెట్టవలసినట్టుగా నమస్కారం పెట్టాను. పెట్టి, పరిగెత్తుకుంటూ వెళ్లి వెనక పెట్టె ఎక్కేశాను.

"పిల్లడేడి మావా?" అంది నా భార్య, నిద్ర మత్తులో.

"దామంజోడి దాకా అక్కడే ఉంటాడట."

"ఎవులేనా ఏటేనా అంతన్నారా?"

"నిన్ను ఎవులూ ఏటీ అనడం లేదు అమ్మీ, తొంగో" అన్నాను. నా భుజం మీద తల పెట్టుకుని దామంజోడి వచ్చేదాకా పడుకుంది.